1988 టొయోటా డాల్ఫిన్ మోటర్‌హోమ్: వెనక బ్రేక్ షూలు మళ్లీ తప్పే వచ్చాయి, స్పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

ఫ్రిస్కో_గోదారోడు
ఓక్లహోమాలో ఒక పెద్దాయన దగ్గర ఈ మధ్యే 1988 డాల్ఫిన్ కొన్నా. ముందు టొయోటా పికప్ క్యాబిన్, వెనక చిన్న ఇల్లు, మొత్తం 21 అడుగులు. 22ఆర్‌ఈ అనే నాలుగు సిలిండర్ల ఇంజిన్, ఆటోమేటిక్ గేరు. అక్కడి నుంచి టెక్సాస్‌లో ఇంటిదాకా నడుపుకుంటూ వచ్చా, ఇంజిన్ కిక్కురుమనలేదు. ఆ సంతోషం ఆ రోజుతోనే సరి.

వెనక ఎడమ చక్రం లోపల బ్రేక్ ఆయిల్ కారుతోంది. షూలు, వీల్ సిలిండర్ తెప్పించా, సరిపోలేదు. వెనక్కి పంపి ఇంకో సెట్ తెప్పించా, అదీ చిన్నదే. స్పేర్ల షాపు కౌంటర్లో కుర్రాడు కంప్యూటర్లో 'డాల్ఫిన్' అని కొట్టి "అలాంటి బండి లేదు సార్" అన్నాడు. బండేమో వాడి అద్దంలోంచి కనపడుతూనే ఉంది.

ఫ్రిజ్ కరెంటు మీద బాగానే చల్లబడుతుంది, గ్యాస్ మీద వెలిగి కాసేపటికి ఆరిపోతుంది. డ్రైవర్ తలపైన ఉండే బెడ్ మూల చెమ్మ వాసన. దీన్ని కట్టిన కంపెనీ 2007లోనే దివాలా తీసింది, అడుగుదామంటే మనిషి లేడు. ఎండాకాలంలో అమ్మానాన్న వస్తున్నారు, యెల్లోస్టోన్ తీసుకెళ్తానని మాటిచ్చేశా. కాలనీ అసోసియేషన్ వాళ్ల ఉత్తరం కూడా వచ్చింది, డ్రైవ్‌వేలోంచి తీయమని. మా ఆవిడ ఏమీ అనట్లేదు, అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

ఎవరి దగ్గరైనా ఇలాంటి బండి ఉందా? స్పేర్లు ఎక్కడ పట్టుకుంటున్నారు?

కారప్పూస
ఆవిడ ఏమీ అనట్లేదంటే ముందు ఆ బ్రేకులు చూసుకో అన్నా. షూలు తర్వాత.

పాతబండి_ప్రసాద్
మీరు డాల్ఫిన్ స్పేర్లు వెతకడం మానేయండి. డాల్ఫిన్ అనేది వెనకున్న పెట్టె పేరు. బ్రేకులు, ఇంజిన్, గేరుబాక్సు, స్టీరింగ్ అన్నీ టొయోటావి. ఇప్పటికీ ఇవి దొరుకుతున్నాయంటే అదే కారణం.

ఇక షూలు ఎందుకు సరిపోలేదు? రెండు సంగతులు చూడండి.

ఒకటి, డ్రైవర్ తలుపు తెరిస్తే స్తంభం మీద టొయోటా స్టిక్కర్ ఉంటుంది. అందులో ఛాసిస్ తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. ఈ బండ్లకు టొయోటా ఛాసిస్ మాత్రం ఇచ్చేది, దాని మీద వేరే కంపెనీ ఇల్లు కట్టేది. ఛాసిస్ యార్డులో నెలల తరబడి పడి ఉండి తర్వాత బాడీ ఎక్కేది. అందుకే కాగితాల్లో 1988 అని ఉన్నా కింద 1987 ఛాసిస్ ఉండటం మామూలే. స్పేర్లు ఎప్పుడూ ఛాసిస్ తేదీని బట్టే అడగాలి.

రెండు, వెనక చక్రానికి ఎన్ని నట్లు? ఐదా, ఆరా? ముందు అది చెప్పండి, మిగతాది తర్వాత మాట్లాడదాం. ఐదైతే బండి కదపకండి.

ఫ్రిస్కో_గోదారోడు
ఇప్పుడే వెళ్లి చూశా. స్టిక్కర్ మీద 10/87. నట్లు ఆరు. చక్రం మధ్యలో గుండ్రటి హబ్ ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది, దాని చుట్టూ చిన్న బోల్టులు.

కదపకండి అన్నారు, గుండె ఆగినంత పనైంది. ఐదైతే ఏంటి?

పాతబండి_ప్రసాద్
అయితే బతికిపోయారు. అది ఒక టన్ను మోసే రకం బండికి వేసే ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్. బరువంతా బయటి గొట్టం (హౌసింగ్) మీద, హబ్ బేరింగుల మీద పడుతుంది. లోపలి షాఫ్ట్ చక్రాన్ని తిప్పడానికే.

మొదట్లో వచ్చిన వాటికి మామూలు పికప్ యాక్సిలే ఉండేది, ఐదు నట్లది. దాంట్లో షాఫ్టే బరువు కూడా మోయాలి. పైన ఇల్లు, నీళ్ల ట్యాంకు, గ్యాస్ సిలిండర్, నలుగురు మనుషులు. షాఫ్ట్ విరిగితే చక్రం బండిని వదిలి వెళ్లిపోతుంది. అవి విరిగిన కేసులు చాలానే ఉన్నాయి. రీకాల్ వచ్చింది, చాలా బండ్లకు ఆరు నట్ల యాక్సిల్ మార్చారు. మార్చని బండ్లు ఇప్పటికీ అమ్మకానికి వస్తున్నాయి. ఈ దారం (చర్చ) చదివేవాళ్లు ఎవరైనా కొనబోయే ముందు నట్లు లెక్కపెట్టండి, పెయింటు తర్వాత చూసుకోవచ్చు.

మీ షూల సంగతి: కేటలాగులో ఉత్త 'టొయోటా పికప్' అని కొడితే వచ్చేది అర టన్ను బండి షూ. మీకు కావాల్సింది 'క్యాబ్ అండ్ ఛాసిస్', ఒక టన్ను, వెనక జంట చక్రాలది. డ్రమ్ము పెద్దది, సిలిండరూ వేరే. రాక్‌ఆటో లాంటి ఆన్‌లైన్ స్పేర్ల షాపుల్లో అలాగే వెతకండి. అనుమానం ఉంటే టొయోటా డీలర్ స్పేర్ల కౌంటర్‌కి ఛాసిస్ నంబరు ఇవ్వండి. పార్టు నంబరు చెప్తారు. అక్కడ కొనకపోయినా ఆ నంబరు పట్టుకుని బయట వెతుక్కోవచ్చు.

ఎడిసన్_చంటి
నేను ఒకటి కొందామని నెల నుంచి చూస్తున్నా. అమ్మేవాడు పెట్టిన ఫోటోల్లో వెనక చక్రానికి మెరిసే మూత ఉంది, నట్లు కనపడట్లేదు. ఎలా తెలుస్తుంది?

పాతబండి_ప్రసాద్
మూత తీసి ఫోటో పెట్టమనండి. తీయనంటే ఆ బండి వదిలేయండి.

ఆటోనగర్520007
ప్రసాద్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతా. డ్రమ్ము ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి వెనక యాక్సిల్ దగ్గర నుంచి పైకి ఒక రాడ్డు, దాని చివర ఒక వాల్వు ఉంటుంది, అది కూడా చూడండి. వెనక బరువు ఎంతుందో కనిపెట్టి దాన్నిబట్టి వెనక బ్రేకులకు ప్రెషర్ పంపేది అదే. బండి వెనక కుంగిపోయిందని చాలామంది స్ప్రింగుల దగ్గర గాలి నింపే ఎయిర్ బ్యాగులు వేయిస్తారు. బ్యాగులతో వెనక పైకి లేస్తుంది, దాంతో ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకులకు ప్రెషర్ తగ్గిస్తుంది. ముందు ప్యాడ్లు ఊరికే అరిగిపోతుంటే అనుమానం దాని మీదే పెట్టుకోవాలి. రాడ్డు సర్దుబాటు చేసుకోవచ్చు, తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది కాబట్టి ముందురోజే నూనె కొట్టి ఉంచండి.

మా నాన్నకి విజయవాడ ఆటోనగర్లో లేత్ షెడ్డు ఉండేది. పోయినసారి ఇక్కడికొచ్చినప్పుడు నా బండి థర్మోస్టాట్ హౌసింగ్ విప్పా, ప్యాకింగ్ చినిగిపోయింది. కొత్తది వచ్చేసరికి వారం పడుతుందన్నారు. ఆయన ప్యాకింగ్ షీటు తెమ్మన్నాడు. హౌసింగ్ మీద షీటు పరిచి, చిన్న బాల్ పీన్ సుత్తితో అంచుల వెంబడి టకటకా కొట్టుకుంటూ పోయాడు. అంచు ఎక్కడుందో అక్కడే షీటు తెగి ఊడొచ్చింది. బోల్టు బెజ్జాలకి సుత్తి గుండ్రటి వైపు పెట్టి ఒక్క దెబ్బ. కత్తెర ముట్టుకోలేదు. పక్కింటి అమెరికన్ పెద్దాయన కుర్చీ తెచ్చుకుని కూర్చుని చూశాడు. ఆ ప్యాకింగే ఇప్పటికీ ఉంది, చుక్క కారలేదు.

కారప్పూస
మా నాన్న వస్తే యూట్యూబ్‌లో రాజకీయాలు చూస్తాడు. మీ నాన్నని ఒక నెల అద్దెకిస్తారా?

ఫ్రీమాంట్_సుబ్బు
మీ టెక్సాస్ వాళ్లు అదృష్టవంతులు. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు బండ్లకే స్మాగ్ (పొగ) పరీక్ష నుంచి మినహాయింపు. 1976 నుంచి ఉన్న పాత బండ్లన్నీ రెండేళ్లకోసారి పరీక్షకి వెళ్లాల్సిందే. నా 1986 బండికి క్యాటలిటిక్ కన్వర్టర్ పోయింది. ఆన్‌లైన్లో చవగ్గా బోలెడు ఉన్నాయి, ఒక్కటీ ఇక్కడ చెల్లదు. రాష్ట్రం ఆమోదించిన నంబరు దాని ఒంటి మీద అచ్చు గుద్ది ఉండాలి, అది బానెట్ కింద స్టిక్కర్లో ఉన్న ఇంజిన్ ఫ్యామిలీకి సరిపోవాలి. ఆ స్టిక్కర్ ఊడిపోతే ఇంకో తద్దినం. అందుకే నా సలహా: బండి కొన్న రోజే ఆ స్టిక్కర్‌ని ఫోటో తీసి పెట్టుకోండి. వేరే రాష్ట్రంలో చవగ్గా వచ్చిందని కొనుక్కొచ్చి ఇక్కడ రిజిస్ట్రేషన్ కాక తల పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఫ్రిస్కో_గోదారోడు
మా కౌంటీలో 24 ఏళ్లు దాటిన బండికి పొగ పరీక్ష లేదు. సేఫ్టీ తనిఖీ కూడా 2025 జనవరి నుంచి సొంత బండ్లకు ఎత్తేశారు. కాబట్టి ఇక్కడ నా బ్రేకులు ఎలా ఉన్నాయో అడిగే నాథుడే లేడు. అది మంచిదో చెడ్డదో తెలియట్లేదు.

లావణ్య_పోర్ట్‌లాండ్
ఫ్రిజ్ గురించి. మాది సన్‌రేడర్ (ఇదీ టొయోటా మీద కట్టిన మోటర్‌హోమే), కానీ ఫ్రిజ్‌లు అన్నిట్లో ఒకటే రకం. కంప్రెసర్ ఉండదు. అమ్మోనియాని వేడిచేసి చల్లదనం పుట్టిస్తుంది. ఆ వేడి కరెంటు కాయిల్ నుంచి రావచ్చు, గ్యాస్ మంట నుంచీ రావచ్చు. కరెంటు మీద పనిచేస్తోందంటే మీ కూలింగ్ యూనిట్ బతికే ఉంది. ఖరీదైన భాగం అదే. కొత్త ఫ్రిజ్ కొనమని ఎవరు చెప్పినా వినకండి.

బయట గోడకి ఉన్న జాలీ తలుపు తీయండి. కింద బర్నర్ కనపడుతుంది. ముందు గ్యాస్ కట్టేయండి. మీ బండి చాలాకాలం ఊరికే నిలబడి ఉంటుంది కాబట్టి బర్నర్ గొట్టంలో సాలీడు గూడు ఉండే అవకాశం ఎక్కువ. గ్యాస్‌కి కలిపే వాసనకి అవి వస్తాయంటారు. బర్నర్ పైన పొగగొట్టంలోంచి తుప్పు రజను రాలి మంట మీద పడి ఉంటుంది. గొట్టంలో మెలితిరిగిన ఇనప బద్ద ఒకటి వేలాడుతుంటుంది, దాన్ని తీసి, సన్నటి బ్రష్‌తో గొట్టం శుభ్రం చేసి మళ్లీ అదే ఎత్తులో వేలాడదీయాలి. జెట్‌ని ఆల్కహాల్‌లో నానబెట్టి ఊదండి. పిన్నుతో పొడవకండి, బెజ్జం పెద్దదైతే మంట పసుపుగా మారి మసి పడుతుంది. మంట నీలంగా, గట్టిగా నిలబడాలి.

అంతా చేశాక కూడా వెలిగి ఆరిపోతుంటే థర్మోకపుల్. మంటలో మునిగి ఉండే రాగి తీగలాంటిది. అది వేడెక్కితేనే గ్యాస్ వాల్వు తెరుచుకుని ఉంటుంది. ఖర్చు తక్కువ. ఫ్రిజ్ తలుపు లోపల మోడల్ నంబరు స్టిక్కర్ ఉంటుంది, అది పట్టుకుని అడగండి.

వెనక పైపుల మీద పసుపు పొడి గానీ, అమ్మోనియా ఘాటు గానీ ఉంటే మాత్రం దాని పని అయిపోయినట్టే.

ఓరుగల్లు_రమ
లావణ్యగారూ, ఇంత తంటా ఎందుకండీ? మేం ఆ పాత ఫ్రిజ్ పీకేసి 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టాం. పైకప్పు మీద ఒక సోలార్ ప్యానెల్, కింద లిథియం బ్యాటరీ. బండి వాలుగా ఆపినా పట్టించుకోదు. మీ గ్యాస్ ఫ్రిజ్‌కి బండి సమంగా నిలబెట్టాలి, లేకపోతే పాడవుతుంది. రాత్రి పదింటికి చీకట్లో చక్రాల కింద చెక్కలు పెట్టడం నా వల్ల కాదు.

లావణ్య_పోర్ట్‌లాండ్
వాన పడే ఊళ్లో ఉండి చూడండి, మీ సోలార్ ఏమంటుందో. మాకు అక్టోబరు నుంచి సూర్యుడు చుట్టంచూపే. గ్యాస్ ఫ్రిజ్ ఒక సిలిండర్ మీద వారాల తరబడి నడుస్తుంది, చప్పుడు కూడా చేయదు.

ఓరుగల్లు_రమ
సరే, మీ ఊరికి గ్యాస్, మా అట్లాంటాకి సోలార్. అయితే గోదారోడుగారి ఊరు డల్లాస్ పక్కన. ఎండ అక్కడ కొరత లేదు.

పాతబండి_ప్రసాద్
ఎండ కొరత లేదు కాబట్టే జాగ్రత్త. 40 డిగ్రీలు దాటిన రోజు ఆ గ్యాస్ ఫ్రిజ్ పాలని కూడా సరిగ్గా కాపాడలేదు. వెనక జాలీ దగ్గర కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి పెట్టి వేడి గాలి పైకి తోలితే కొంత నయం. నేనుండేది ఫీనిక్స్‌లో, అనుభవం మీద చెప్తున్నా.

లెక్కల_మాస్టారు
ఒక మాట అడగొచ్చా? బండి ధర, రిపేర్లు, ఇన్సూరెన్స్, కాలనీలో పెట్టుకోనివ్వరు కాబట్టి స్టోరేజీ అద్దె. ఇవన్నీ కలిపి ఏడాదికి మీరు వాడేది కొన్ని వారాంతాలు. అదే డబ్బుతో అవసరమైనప్పుడు కొత్త బండి అద్దెకి తీసుకుంటే? లెక్క ఎవరూ వేసినట్టు లేరు.

ఫ్రీమాంట్_సుబ్బు
మాస్టారూ, లెక్క వేస్తే పెళ్లి కూడా అద్దెకే తీసుకోవాల్సొస్తుంది.

లెక్కల_మాస్టారు
జోకు బాగుంది, జవాబు రాలేదు.

ఆటోనగర్520007
జవాబు నేను చెప్తా. మీ లెక్క తప్పేం కాదు, మెకానిక్‌కి ఇచ్చి చేయించుకునేవాడికి. వీటిని ముట్టుకోవడానికి ఆర్వీ (మోటర్‌హోమ్) షాపులవాళ్లు ఇష్టపడరు, టొయోటా షాపుల్లో లిఫ్ట్ మీద పట్టదంటారు. ఇద్దరి మధ్యా బండి బంతిలా తిరుగుతుంది, గంటకింత అని బిల్లు పెరుగుతుంది. సొంతంగా స్పానర్ పట్టేవాడికి మాత్రం ఇదంత చవకైన బండి ఇంకోటి లేదు. చేతులకి గ్రీజు అంటించుకోవడం ఇష్టం లేనివాళ్లు అద్దెకే తీసుకోండి, అందులో తప్పేముంది.

ఎడిసన్_చంటి
వి6 (ఆరు సిలిండర్ల ఇంజిన్) ఉన్న బండి కొనాలా, నాలుగు సిలిండర్లదా? అమ్మేవాళ్లందరూ వి6 అని ఊదరగొడుతున్నారు.

ఓరుగల్లు_రమ
మాది వారియర్, టొయోటా మీద కట్టిన ఇంకో మోటర్‌హోమ్, వి6ది. కొండెక్కేటప్పుడు తేడా తెలుస్తుంది. 22ఆర్‌ఈ వాళ్లు స్మోకీ కొండల్లో ఎమర్జెన్సీ లైట్లు వేసుకుని లారీల వెనక పాకుతుంటే మేం పక్కనుంచి వెళ్లిపోతాం.

పాతబండి_ప్రసాద్
పక్కనుంచి వెళ్లి, పైన బానెట్ ఎత్తి నిలబడి ఉంటారు :)

సరదాకన్నాను. ఆ 3.0 వి6కి హెడ్ గ్యాస్కెట్ బలహీనత ఉన్న మాట నిజం. అప్పట్లో టొయోటా ఉచితంగా మార్చే కార్యక్రమం కూడా నడిపింది. చంటీ, వి6 కొంటే ఆ పని జరిగిందా అని కాగితం అడుగు. టైమింగ్ బెల్టు 60,000 మైళ్లకోసారి మార్చాలి, ఎప్పుడు మార్చారో అడుగు. టెంపరేచర్ ముల్లు మీద ఒక కన్ను ఉంచుకుంటే అదీ మంచి ఇంజినే.

22ఆర్‌ఈకి బెల్టు లేదు, గొలుసు. గొలుసు తెగడం అరుదు. దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్లు మాత్రం పెళుసెక్కి విరిగిపోతాయి. అప్పుడు గొలుసు ఊగి టైమింగ్ కవర్‌ని లోపలి నుంచి కోసుకుంటూ పోతుంది. కవర్ అవతల కూలెంట్ నీళ్లు. బెజ్జం పడిన రోజు నీళ్లు ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తాయి. గోదారోడుగారూ, పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ముందువైపు ఒకటి రెండు సెకన్లు గలగలమంటోందా?

ఫ్రిస్కో_గోదారోడు
గలగల లేదు. టిక్ టిక్ మని కుట్టుమిషన్ చప్పుడు మాత్రం ఎప్పుడూ ఉంది.

పాతబండి_ప్రసాద్
టిక్ టిక్ మంచిదే, అది వాల్వులు. చప్పుడు లేకుండా బిగించేస్తేనే వాల్వులు కాలిపోతాయి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.20 మి.మీ., ఎగ్జాస్ట్ 0.30 మి.మీ. గ్యాపు. దానికోసం పై కవరు విప్పుతారు కదా, అప్పుడే టార్చి వేసి డ్రైవర్ వైపు గైడ్ ఉందో లేదో చూసేయండి. విరిగి ఉంటే కింద ఆయిల్ ప్యాన్లో ముక్కలు దొరుకుతాయి. మార్చాల్సి వస్తే వెనక ఇనప రేకు ఉన్న గైడ్లు తెప్పించుకోండి. ఈ ఇంజిన్ల స్పేర్లకే పేరున్న ఎల్‌సీ ఇంజినీరింగ్ వాళ్లు ఆరిజోనాలో లేక్ హవాసులో ఉన్నారు. నీళ్ల పంపు ఐసిన్ కంపెనీది, ప్లగ్గులు, డైనమో డెన్సో కంపెనీవి తీసుకోండి. టొయోటా డబ్బాలో వచ్చేవీ ఎక్కువ భాగం వాళ్లవే. పేరులేని చవక సెట్లు ఇంజిన్ లోపలికి మాత్రం వద్దు.

కారప్పూస
నేను బండి కొనను, కొనే ఉద్దేశమూ లేదు, కానీ ఈ దారం వదలబుద్ధి కావట్లేదు. ఆఫీసు మీటింగ్‌లో కెమెరా ఆపి చదువుతున్నా.

ఫ్రీమాంట్_సుబ్బు
చెమ్మ వాసన గురించి ఎవరూ మాట్లాడలేదు. అన్నిటికన్నా పెద్ద జబ్బు అదే. ఇంజిన్ మార్చుకోవచ్చు, పుచ్చిపోయిన ఇల్లు మార్చుకోలేం.

గోదారోడుగారూ, బండి నుదుటి మీద వరసగా చిన్న నారింజ లైట్లు ఉంటాయి చూడండి. నీళ్లు దిగేది చాలాసార్లు అక్కడి నుంచే. ఒక్కో లైటుకి రెండు స్క్రూలు, ఒక వైరు బెజ్జం. లైటు వెనకున్న పాత ప్యాకింగ్ ఎండిపోయి పెంకులా రాలుతుంది. వాన నీళ్లు ఆ బెజ్జంలోంచి లోపలి కర్ర ఫ్రేములోకి దిగి, మీ బెడ్ కింద ప్లైవుడ్‌లో నిలుస్తాయి. బయటి షీటు మీద బొటనవేలితో నొక్కుకుంటూ రండి. గట్టిగా ఉంటే సరే, మెత్తగా లోపలికి పోతే కర్ర పుచ్చినట్టు. నేను నా బండి మూల స్క్రూ ఒకటి విప్పితే స్క్రూతో పాటు తడి కాఫీ పొడిలాంటి పదార్థం బయటికొచ్చింది. అదంతా ఒకప్పుడు కర్ర.

ఎడిసన్_చంటి
సిలికాన్ ట్యూబు తెచ్చి చుట్టూ పూసేస్తే సరిపోదా?

లావణ్య_పోర్ట్‌లాండ్
వద్దు!!

ఫ్రీమాంట్_సుబ్బు
వద్దు.

పాతబండి_ప్రసాద్
వద్దు నాయనా. సిలికాన్ ఏడాది రెండేళ్లలో అంచు లేస్తుంది, ఆ తర్వాత దాని మీద ఇంకేదీ అంటుకోదు, చివరికి సిలికానే సరిగ్గా పట్టదు. లైటు, కిటికీ, వెంటు ఏదైనా సరే పూర్తిగా విప్పి, పాతది గీకి, స్పిరిట్‌తో తుడిచి, కింద బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు పట్టీ) పెట్టి మళ్లీ బిగించాలి. రబ్బరు రూఫ్ అయితే పైన డైకార్ అనే సీలెంట్ పోయండి, అదే పరుచుకుంటుంది. మీ రూఫ్ దేనితో చేసిందో చూసుకుని డబ్బా కొనండి.

లావణ్య_పోర్ట్‌లాండ్
లీకు ఎక్కడో తెలియకపోతే ఒక ఉపాయం. ఆకులు ఊదే బ్లోయర్‌ని ఒక కిటికీలో పెట్టి చుట్టూ అట్టముక్క, టేపుతో మూసి లోపలికి గాలి కొట్టండి. మిగతా కిటికీలన్నీ మూసేయాలి. బయట ఇంకొకరు సబ్బు నీళ్లు చల్లుకుంటూ తిరగాలి. లీకున్నచోట బుడగలు వస్తాయి. మా బండి రెండు ఫైబర్‌గ్లాస్ చిప్పలు కలిపి అతికించింది, కర్ర గోడల బాధ లేదు. అయినా కిటికీల చుట్టూ బుడగలే బుడగలు. పిల్లలకి మాత్రం భలే కాలక్షేపం.

ఆటోనగర్520007
గోడలు విప్పితే బూడిద రంగు ప్లాస్టిక్ నీళ్ల పైపులు కనపడతాయేమో చూడండి. పాలీబ్యూటిలీన్. అప్పటి బండ్లలో, ఇళ్లలో అదే వేసేవాళ్లు, జాయింట్ల దగ్గర పగులుతుందని 1990ల మధ్యలో ఆపేశారు. గోడ విప్పిన చోటల్లా పెక్స్ (ఇప్పటి రకం ప్లాస్టిక్) పైపులు వేసుకుంటూ పోండి, మళ్లీ విప్పక్కర్లేకుండా.

ఓరుగల్లు_రమ
టైర్ల సంగతి కూడా చెప్పండి ఎవరైనా. పెద్దాయన దగ్గర కొన్నారు కాబట్టి అరుగుదల లేకుండా మెరుస్తూ ఉంటాయి. నమ్మకండి. టైరు పక్కన డీఓటీ అక్షరాల చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2309 అంటే 2009లో 23వ వారం తయారైనట్టు. జంట చక్రాల్లో లోపలి టైరు తేదీ కూడా చూడాలి, బోర్లా పడుకుని చూడక తప్పదు. సైజు 185ఆర్14, బరువు మోసే వాణిజ్య రకం. కారు టైరు ఆ సైజులో చవగ్గా వచ్చిందని వేయకండి. షాపులో స్టాకు ఉండదు, తెప్పించుకోవాలి. లోపలి చక్రానికి గాలి కొట్టడానికి వాల్వు పొడిగింపు గొట్టం కూడా అడిగి పెట్టించుకోండి.

ఫ్రిస్కో_గోదారోడు
చూసొచ్చా. బయటివి 2019. లోపలివి రెండూ 2006. నోరు పడిపోయింది.

కారప్పూస
లోపలి టైర్లకి ఓటు హక్కు కూడా వచ్చేసింది.

లెక్కల_మాస్టారు
ఆరు టైర్లు, బిగింపు, షూలు, సిలిండర్లు, గైడ్లు, బ్యూటైల్, థర్మోకపుల్... నేను రాసుకుంటున్నా, మీరు చెప్పుకుంటూ పోండి.

ఫ్రిస్కో_గోదారోడు
రెండు వారాల తర్వాత రాస్తున్నా, సందేశాలు పంపినవాళ్లకి జవాబు ఇవ్వలేకపోయా.

'క్యాబ్ అండ్ ఛాసిస్' అని వెతికితే షూలు, సిలిండర్లు మొదటిసారికే సరిగ్గా కూర్చున్నాయి. రెండువైపులా మార్చా. సీలు కారి కుడివైపు గేరాయిలు కూడా షూల మీదికి వచ్చి ఉంది, దాంతో హబ్ సీలు కూడా మార్చాల్సి వచ్చింది. ఆటోనగర్ గారు చెప్పిన రాడ్డు ఉంది, పాత ఓనరు దాన్ని వైరుతో పైకి కట్టేసి ఉంచాడు! ఎందుకో ఆయనకే తెలియాలి. విప్పి సర్దా, ఇప్పుడు బ్రేకు కొడితే ముక్కు నేలకి వంగట్లేదు.

ఫ్రిజ్‌లో సాలీడు లేదు, దాని వంశం మొత్తం ఉంది. గొట్టంలోంచి గుప్పెడు తుప్పు రాలింది. శుభ్రం చేశాక నీలం మంట వచ్చింది, అయినా ఆరిపోయింది. థర్మోకపుల్ మార్చాక నిలబడింది. లావణ్యగారికి దండం.

నుదుటి లైట్లలో కుడి చివరిది విప్పితే స్క్రూ చేతికే ఊడొచ్చింది. ఒక మూల కర్ర పోయింది. లోపలి ప్యానెల్ విప్పి పుచ్చినంతవరకు కోసి కొత్త కర్ర వేస్తున్నా. యెల్లోస్టోన్ ఈ ఏడాది వద్దనుకున్నాం. అమ్మానాన్నని ముందు ఆర్కాన్సా హాట్ స్ప్రింగ్స్ దాకా తీసుకెళ్తా, దారిలో ఏమైనా అయితే ఇంటికి దగ్గరే.

మా ఆవిడ నోరు విప్పింది. కర్టెన్లు మార్చమంది.

ఓరుగల్లు_రమ
కర్టెన్లు అన్నారంటే బండి ఉంచుకుంటున్నట్టే. శుభం.

అమ్మగారు వస్తున్నారు కాబట్టి ఒక మాట. గ్యాస్ అలారం నేల దగ్గర ఉంటుంది, దాని వెనక తేదీ చూడండి. ఐదు నుంచి ఏడేళ్లకి దాని ఆయుష్షు తీరుతుంది, పాతదైతే ఊరికే బొమ్మ. పైన పొగ అలారం వేరు. పులిహోర పోపు వేయగానే అది మోగుతుంది, పైన వెంటు తెరిచి ఫ్యాన్ వేశాకే ఆవాలు వేయమనండి. మోగుతోందని బ్యాటరీ మాత్రం పీకేయనివ్వకండి, మా అత్తగారు ఆ పనే చేశారు.

ఎడిసన్_చంటి
నేను 1990 బండి ఒకటి చూశా, 22ఆర్‌ఈ, ఆరు నట్లు, మూత తీసి ఫోటో పంపాడు. పెన్సిల్వేనియాలో ఉంది. కింద తుప్పు ఉందేమోనని భయం. ఉప్పు చల్లే రోడ్లు కదా. వెనక టెయిల్ లైటు అద్దం కూడా పగిలింది. ఆ లైటు దొరకదని భయపెడుతున్నాడు ధర తగ్గకుండానే.

పాతబండి_ప్రసాద్
లైటు భయం వదిలేయి. పెట్టె మీద ఉన్న లైట్లు, తలుపు తాళాలు, 14 అంగుళాల రూఫ్ వెంటులు ఏ బండి కోసమూ ప్రత్యేకంగా చేసినవి కావు. అప్పట్లో అందరూ ఒకే రెండు మూడు కంపెనీల దగ్గర కొని బిగించారు. అద్దం మీద సన్నటి అక్షరాల్లో తయారీదారు పేరు, నంబరు అచ్చు వేసి ఉంటుంది, తడిగుడ్డతో తుడిచి చూడు. వెంటు మూతకైతే పేరుతో పనిలేదు, కీలు ఎలా ఉందో ఫోటో తీసి దానికి సరిపోయేది కొనాలి, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు.

తుప్పే అసలు భయం. స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్లి ఫ్రేము మీద, వెనక స్ప్రింగ్ కమ్మీలు బిగించే బ్రాకెట్ల దగ్గర గట్టిగా పొడిచి చూడు. అమ్మేవాడు ముఖం మాడ్చుకున్నా పరవాలేదు.

ఎడిసన్_చంటి
శనివారం వెళ్తున్నా. ఫిలడెల్ఫియా చుట్టుపక్కల తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే తోడు రాగలరా? దోసెలు నావి.

ఆటోనగర్520007
నేను షార్లెట్‌లో ఉన్నా, దోసెలకి దూరం. ఫ్రేము కింద ఫోటోలు ఇక్కడే పెట్టు, సాయంత్రం నాన్నకి వాట్సాప్‌లో చూపించి చెప్తా. ఫ్లాష్ వేసి తియ్యి.